నాలుగు వేళ్ల సందు

నాకు కోపం ఎక్కువని మా డిపోలో అందరికీ తెలుసు. కండక్టర్ పనికి కొంత కోపం కావాలి కూడా. నారాయణఖేడ్‌లో బయలుదేరే ఏ బస్సు చూసినా సీట్లకు మించి మనుషులు, మనుషులకు మించి మూటలు. మెత్తగా చెబితే ఎవరూ లోపలికి జరగరు. అయితే ఆ కోపం డ్యూటీ దిగగానే అక్కడే దిగిపోయేది, ఇంటిదాకా మోసుకుపోయేదాన్ని కాదు. ఇంట్లో పుట్టిన కోపం వేరు. అది నా కొడుకుతో పాటే పుట్టింది.

వాడు ఆపరేషన్‌తో పుట్టాడు. మొదటి కాన్పుకు పుట్టింటికి పోవడం ఆనవాయితీ గానీ, మా అమ్మ లేదు. దవాఖాన నుంచి నేరుగా అత్తగారింటికే వచ్చాను. ఇంట్లో పెద్దవాళ్లం నలుగురం. నా భర్త మనూర్ దారిలో ఆటో నడుపుతాడు. అత్త ఇంటిపట్టునే ఉంటుంది. నాలుగో మనిషి నా భర్తకు అక్క, నాకు వదినె. బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండుతుంది. ఆమెను నాగల్‌గిద్ద వైపు ఇచ్చారు. ఒక పాప పుట్టింది. రెండో నెల నిండకుండానే ఆ పాప నిద్రలో పోయింది. ఆ తర్వాత మొగుడు వదిలేస్తే తల్లి దగ్గరికి వచ్చేసింది.

ఇదంతా నేను కోడలిగా రాకముందు సంగతి. పెళ్లయిన కొత్తలో అత్త నాతో ఒక్క మాటలో చెప్పి ముగించింది: "నిద్రల పిల్ల మీద పడ్డది. ఏం జేస్తం, దేవుని చిత్తం." కన్నతల్లే అంటోంది కదా, నిజమే అయివుంటుంది అనుకున్నాను. వదినెను అడగలేదు. అలాంటిది ఎలా అడుగుతారు ఎవరైనా?

దవాఖాన నుంచి పంపేరోజు డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి మరీ చెప్పింది. "బాబును మీ మంచంల పండబెట్టుకోకు. నీ పక్కనే ఉండాలె గని వాని పక్క వానికే ఉండాలె. ఎప్పుడైనా వెల్లకిలనే పండబెట్టు. కింద గట్టిగ, సాపుగ ఉండాలె. తల కింద మెత్త వద్దు, మీద బొంత వద్దు. చలిపెడితే బట్టలు తొడుగు." పక్కన నిలబడ్డ అత్త ప్రతిదానికీ తల ఊపింది. ఇంటి గడప దాటేసరికి ఆ మాటల్లో ఒక్కటీ ఆమె దగ్గర మిగల్లేదు.

చలికాలం. మా వైపు కందిచేలు కోతకొచ్చే రోజుల్లో చలి ఎముకల్లోకి దిగుతుంది. అత్త నా మంచం మీద పాత చీరలతో కుట్టిన మందపాటి బొంత పరిచింది. గోడ వైపు ఒక మెత్త నిలబెట్టింది. "పిల్లగాన్ని నీకు గోడకు నడుమ పండవెట్టు. ఇగ ఎక్కడ పడ్తడు?" అంది. వద్దన్నాను. అయితే దూలానికి చీరతో తొట్టెల కడతానంది. చీర తొట్టెలలో వాడి మెడ ముందుకు ముడుచుకుపోయి గడ్డం ఛాతీకి ఆనుతుందని, ఊపిరి సరిగ్గా ఆడదని డాక్టరమ్మ ముందే హెచ్చరించింది. అదీ వద్దన్నాను. మిగిలింది నేల. వాణ్ని చాప మీద పడుకోబెట్టాం. కానీ మా ఇనుప మంచం ఎత్తు, నేను కుట్లతో వంగలేను. వాడు పాలకు ఏడ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఎత్తి నాకు అందించాలి.

ఆ ఎవరో ఒకరు ఎవరన్న దగ్గరే నాకు మొదటిసారి మండింది. ఒక మధ్యాహ్నం వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. అత్త పెరట్లో ఉంది. వదినె అప్పుడే బడి నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, వాణ్ని ఎత్తడానికి వంగింది. వంగి, అలాగే ఆగిపోయింది.

"ఎత్తు వదినే, ఏం జూస్తున్నవ్?"

"అమ్మను పిలుస్త" అంది.

పిలవనక్కర్లేకుండానే అత్త పరుగున వచ్చింది. కూతుర్ని భుజంతో పక్కకు నెట్టి వాణ్ని ఎత్తుకుంది. "నీకెన్నిసార్లు చెప్పాలె? పిల్లగాని జోలికి రాకు" అంది. వదినె వంటింట్లోకి పోయింది.

"ఆమె ఎత్తుకుంటె ఏమైతది?" అని అడిగాను.

"నీకు తెల్వదు. ఆమె చేతుల పిల్ల నిలువలే."

గట్టిగా అరిస్తే కుట్లు లాగేవి. అందుకే ఆ రోజు అరవలేదు.

సాయంత్రం నా భర్తకు ఫోన్లో ఒక బొమ్మ చూపించాను. తల్లి మంచాన్ని ఆనుకుని నిలబడే పిల్లల మంచం. మూడు వైపులా అంచు ఉంటుంది, తల్లి వైపు తెరిచి ఉంటుంది. వాడు వాడి పక్కలోనే ఉంటాడు, నేను లేవకుండా చేయి చాపి దగ్గరికి తీసుకోవచ్చు. ఆయనకు నచ్చింది. మర్నాడే బజారు నుంచి ఆటో మీద ఒక పెద్ద డబ్బా కట్టుకుని వచ్చాడు. ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడితే విప్పాడు.

చూడ్డానికి ముద్దుగా ఉంది. నీలం రంగు, పైన వేలాడే కుందేలు బొమ్మలు, చుట్టూ దూది కూరిన అంచులు, తల కింద పెట్టడానికి ఆవాలు నింపిన చిన్న మెత్త. పరుపు మీద అరచేయి ఆనిస్తే మణికట్టుదాకా దిగబడింది. మా మంచం పక్కకు జరిపి చూశాం. దాని అంచు ఒక ఎత్తు, మా పరుపు ఒక ఎత్తు. మంచానికి బిగించడానికి ఒకే ఒక సన్నటి పట్టీ ఉంది, అదీ మా ఇనుప పట్టె చుట్టూ రాలేదు. నెడితే ఆనింది. మంచం మీద నేను అటు నుంచి ఇటు తిరిగేసరికి జరిగింది. రెంటికీ నడుమ సందు. నా నాలుగు వేళ్లు నేరుగా కిందికి దిగాయి.

"గంత సందుల ఏం పడ్తడు? గుడ్డలు కుక్కుదాం" అన్నాడు నా భర్త.

"నేను జెప్పలే? పైసలు దండుగ" అంది అత్త.

వదినె గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. మెల్లగా లోపలికి వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. ఆ సందులో చేయి పెట్టి ఈ చివర నుంచి ఆ చివరదాకా జరిపింది. "ఇది వద్దు" అంది.

"నిన్నెవరు అడిగిన్రు?" అంది అత్త.

"నేనడుగుతున్న" అన్నాను. "నాకు గూడ వద్దు."

కుట్లు విప్పాక, వాడికి కడుపునిండా పాలిచ్చి అత్త దగ్గర పడుకోబెట్టి బజారుకు బయలుదేరాను. నా భర్త తానే పోయి మార్చుకొస్తానన్నాడు. "నువ్వు పోతే దుకాణం సేటు ఇంకో కుందేలు ఇచ్చి పంపుతడు" అన్నాను. వదినెను తోడు రమ్మన్నాను. అత్త కసిరింది, నేను వినలేదు. ఆయన మమ్మల్ని, డబ్బాను కొట్టు ముందు దించి, మనూర్ పోయేవాళ్లు ఎదురుచూస్తున్నారని ఆటో తిప్పుకుని పోయాడు.

కొట్టు నిండా ప్లాస్టిక్ కుర్చీలు, బీరువాలు, పరుపులు, బకెట్లు. సేటు వయసులో నాకంటే చిన్నవాడే. నవ్వుతూ లేచాడు.

"ఏమైందక్కా? గదే అందరు తీస్కపోతున్నరు."

"పరుపు మెత్తగుంది. పిల్లగాడు మొఖం తిప్పితే ముక్కు దాంట్లనే మునుగుతది. మంచానికి గట్టిగ కట్టుకుందామంటే కట్టు లేదు. సందు వడుతుంది."

"మెత్తగుంటేనే కదక్కా పిల్లలకు నిద్ర వట్టేది. సందుల ఒక తువ్వాల పెట్టుండ్రి."

"తువ్వాల జారితే?"

"అరే, గంత పరేషాన్ ఎందుకక్కా? మనల్ని మన అమ్మలు గివిట్ల పండవెట్టిన్రా? బొంతల మీద పెరిగినోళ్లమే కదా అందరం."

"పెరిగినోళ్లమే మాట్లాడుతున్నం సేటూ. పోయినోళ్లు వచ్చి మాట్లాడరు."

నా గొంతు బస్సు గొంతు. రోడ్డు మీద పోయేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు. బకెట్ బేరం చేస్తున్న ఒకామె బేరం ఆపేసింది. సేటు నవ్వు పోయింది.

"విప్పిన సామాను వాపస్ తీస్కోం. అయినా సూడక్కా, ఏ బెడ్డయినా గంతే. తల్లి మంచిగ చూసుకుంటే పిల్లకు ఏం కాదు. తల్లి మొద్దునిద్ర పోతేనే పరేషాన్."

నేను నోరు తెరిచేలోపు వెనక నుంచి మాట వినబడింది.

"నేను మంచిగనే చూసుకున్న."

వదినె. అప్పటిదాకా పరుపుల పక్కన నిలబడి ఉంది. సేటుకు అర్థం కాలేదు. "ఏందమ్మా?" అన్నాడు.

"నా బిడ్డను. మంచిగనే చూసుకున్న. నేను నిద్రల దాని మీద పడలే. మా అత్తగారింట్ల మంచానికి గోడకు నడుమ సందుండె. మా అత్త మెత్త పెట్టి మూయుమన్నది, మూసిన. మెత్త జారింది. తెల్లారి చూస్తే బిడ్డ ఆ సందుల ఉండె, మీద మెత్త ఉండె. నేను ఇటు దిక్కు అంచుకు పండుకున్న. నా ఒంటి కింద లేదు నా బిడ్డ."

ఆమె సేటును చూడటం లేదు. మేం తెచ్చిన ఆ నీలం మంచాన్నే చూస్తూ చెప్పింది. గొంతు పెంచలేదు, ఏడవలేదు. ఆ ఇంట్లో ఇన్నేళ్లుగా ఉంటున్నాను, ఆమె అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడగా నేను వినలేదు. బకెట్ పట్టుకున్న ఆమె దాన్ని చప్పుడు కాకుండా కింద పెట్టింది.

"మాఫ్ చెయ్యమ్మా. నాకు తెల్వదు" అన్నాడు సేటు.

ఆ మాటకు నాకు ఇంకా మండింది. నిజమే, ఆయనకు తెలియదు. తెలుసుకోవలసినవాళ్లు మా ఇంట్లో ఉన్నారు. ఆ ఇంట్లో ఒకే వంట తింటూ, ఒకే ప్రార్థనలో కూర్చుంటూ, ఆమె చేయి పసివాడి మీద పడకుండా కాపలా కాస్తున్నవాళ్లు.

సేటు వాపస్‌కు ఒప్పుకున్నాడు. అటక మీద నుంచి ఇంకోటి దించాడు. బూడిద రంగు, ఒక్క బొమ్మ లేదు. దవాఖాన మంచంలా ఉంటుందని దాన్ని ఎవరూ అడగరట. వదినె ముందుకు వచ్చింది. పరుపు మీద పిడికిలి పెట్టి నొక్కింది, దిగబడలేదు. పరుపుకూ అంచుకూ నడుమ వేలు దూరుతుందేమోనని చుట్టూ తడిమింది, దూరలేదు. అంచులు మూడు వైపులా వలగుడ్డ. దానికి నోరు ఆనించి ఊపిరి పీల్చి చూసింది. కాళ్లు పైకీ కిందికీ జరిపి ఎత్తు సరిచేసుకోవచ్చు. రెండు వెడల్పాటి బెల్టులు తల్లి పరుపు కింద నుంచి అవతలి పట్టెదాకా పోయి బిగుస్తాయి. వాటిని చేతికి చుట్టుకుని బలంకొద్దీ లాగింది. కాళ్లు పట్టుకుని ఊపింది. నేను ఒక్కటి కూడా ముట్టుకోలేదు. ఆమె అన్నీ చూసి నా వైపు తిరిగి "ఇది తీస్కో" అంది. సేటు పాతది లోపల పెట్టుకుని, అలవాటుకొద్దీ ఒక ఆవాల మెత్త తెచ్చి మా డబ్బా మీద పెట్టాడు. తీసి ఆయన ముందే పెట్టాను.

ఆటో కోసం కొట్టు పక్క చాయ్ హోటల్ బల్ల మీద కూర్చున్నాం. డబ్బా మా ఇద్దరికీ నడుమ ఉంది.

"గీ ముచ్చట ఇంట్ల ఎందుకు చెప్పలే వదినే?"

"చెప్పిన. అమ్మకు చెప్పిన. గా రోజే చెప్పిన."

ఆమె వైపు తిరిగాను. "అత్తకు తెలుసా?"

"తెలుసు. ఇగ ఎవరితోని అనకు అన్నది. మెత్త పెట్టుమన్నది మా అత్త కదా. గా మాట బయటికొస్తే వాళ్లు నన్ను ఇంట్ల ఉంచుకోరని అమ్మ భయం. నీ మీదనే వేసుకో, కాపురం నిలుస్తది అన్నది." చాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఉంది, తాగలేదు. "కాపురం నిలువలే. మాట నిలిచింది."

ఆటోలో డబ్బాను పట్టుకుని కూర్చున్నాను. నా భర్త రెండుసార్లు ఏమైందని అడిగాడు. ఒళ్లంతా ఉడికిపోతోంది. ఆ నాగల్‌గిద్ద అత్త మీద, వదిలేసి పోయిన ఆ మొగుడి మీద, ఇంట్లో నా కొడుకును ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఈ అత్త మీద. అందరికంటే ఎక్కువ ఈమె మీదే. పరాయివాళ్లు అబద్ధం నమ్మారు. ఈమె నిజం తెలిసి కూతురి నెత్తిన పెట్టింది.

ఇంట్లో అడుగుపెట్టగానే అత్త ఒళ్లో నుంచి వాణ్ని తీసుకుని వదినె చేతుల్లో పెట్టాను. ఆమె చేతులు కర్రల్లా బిగుసుకున్నాయి. వాడు జారకుండా ఎప్పుడు సర్దుకుందో, ఆమెకే తెలియకుండా మోచేతి ఒంపులోకి తీసుకుంది.

అత్త దిగ్గున లేచింది. "ఏందే గిది?"

"మెత్త ఎవరు పెట్టుమన్నరో నీకు తెలుసు. బిడ్డ ఎక్కడ దొరికిందో నీకు తెలుసు. తెలిసి గూడ నీ బిడ్డ మీద వేసినవ్. నేను అడగకముందే నాతోని గూడ గదే చెప్పినవ్."

అత్త ముఖం పాలిపోయింది. కూతురి వైపు చూసింది, వదినె తల దించుకుని వాడి ముఖమే చూస్తోంది.

"దాని కాపురం కోసం చేసిన" అంది అత్త. "నీకేం తెలుసు? నేను కన్న బిడ్డ. నాకు ఉండదా?"

"కాపురం పోయినంకనన్న గా మాట తీసెయ్యాలె కదా! చర్చికి పోయేటప్పుడు ఆమెను పక్కన కూర్చోవెట్టుకుంటివి, ఇంటికొచ్చినంక పిల్లగాన్ని ముట్టుకోనియ్యకపోతివి!"

ఇన్నాళ్లూ ఆపుకున్నదంతా ఆ రోజు అరిచాను. పొత్తికడుపు పట్టుకుని మరీ అరిచాను. పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగి చూశారు, చూడనీ అనుకున్నాను. నా భర్త నిర్ఘాంతపోయి నిలబడి, "నాకు ఎవరు చెప్పలే" అన్నాడు. "నువ్వు అడిగినవా?" అని ఆయన మీద కూడా పడ్డాను.

అత్త చాలాసేపటికి కింద కూర్చుంది. "అనంగ అనంగ నాకు గూడ గదే నిజమనిపించింది" అంది. ఎవరితో అన్నదో తెలియదు. నాకు జాలి కలగాల్సింది. కలగలేదు.

కొత్త మంచం ఆ మధ్యాహ్నమే బిగించాం. వదినె చెబుతుంటే నా భర్త బెల్టులు పరుపు కింద నుంచి లాగి అవతలి పట్టెకు కట్టాడు. మా పరుపుకు సమానంగా కాళ్లు సరిచేశాడు. నేను మంచం మీద పడుకుని అటూ ఇటూ దొర్లి చూశాను. కదల్లేదు. వేలు పెట్టి చూశాను. గోరు కూడా దూరలేదు. వాణ్ని వదినే పడుకోబెట్టింది, వెల్లకిలా, పక్కన ఏమీ లేకుండా. వాడు చేతులు రెండూ తల పక్కన పెట్టుకుని పడుకున్నాడు.

దాంతో ఇల్లు మారిపోయిందని చెప్పను. అత్త చలి చలి అంటూ రోజూ బొంత తెచ్చి వాడి మీద కప్పేది. నేను రోజూ తీసి బయట పడేసేదాన్ని. ఆమె మళ్లీ మడతపెట్టి తెచ్చేది. ఆమెతో అవసరమైనవి తప్ప మాట్లాడలేదు. వదినె మాత్రం పొద్దున బడికి పోయేముందు, సాయంత్రం వచ్చాక, వంగి బెల్టులు లాగి చూసేది. వాడు ఏడిస్తే ఎవరినీ పిలవకుండా తనే ఎత్తుకునేది. అత్త చూసీ చూడనట్టు ముఖం తిప్పుకునేది.

వాడు చేతుల మీద ఛాతీ పైకెత్తడం మొదలుపెట్టాక ఆ మంచం వాడకూడదని డాక్టరమ్మ అంటే తీసేశాం. సెలవు అయిపోయి నేను డ్యూటీ ఎక్కాను. ఒక ఆదివారం చర్చి అయ్యాక వదినె నా నాగల్‌గిద్ద బస్సు ఎక్కింది. ఎక్కడికని అడిగితే "గా అత్తకు నిజం చెప్పొస్త" అంది. నేను రానా అన్నాను, వద్దంది. తిరుగు బస్సుకు స్టాపులో నిలబడి ఉంది.

"ఏమన్నది?"

"ఇప్పుడు చెప్పి ఏం ఫాయిద అన్నది."

"నువ్వేమన్నవ్?"

"నీకేం లేదు, నాకుంది అన్న. వచ్చిన."

ఏం ఫాయిదా అట! బస్సు వెనక్కి తిప్పించి ఆ ఇంటి ముందు నిలబెట్టాలనిపించింది. వదినె నా చేయి పట్టుకుని సీట్లోకి లాగింది. "ఊకో. ఆకలైతుంది నాకు" అంది.

ఆ రాత్రి అన్నాల దగ్గర అత్త వడ్డిస్తూ ఎక్కడికి పోయావని అడిగింది. వదినె చెప్పింది. అత్త గరిటె గిన్నెలోనే వదిలేసి కూర్చుండిపోయింది. "గా పిల్ల మొఖం నాకు యాదికొస్తలేదు బిడ్డా. ఎట్లుండె?" అంది.

ఇన్నేళ్లకు అడుగుతున్నావా అని నా నోటిదాకా వచ్చింది. వదినె కంచంలో చేయి ఆపి తల్లి వైపు తిరిగింది. "నవ్వితే ఒక్క దిక్కే నవ్వుతుండె. ఎడమ బుగ్గకే సొట్ట వడుతుండె" అని మొదలుపెట్టింది. నా భర్త కూడా తినడం ఆపాడు. నేను నోరు మూసుకుని, కొడుకును ఒళ్లోకి లాక్కుని, ఆ పాప గురించి విన్నాను.